పెరుగు మానేశాక పళ్లెంలో ఏం ఉండాలి: కొత్తగా వీగన్ అయినవాళ్లకు

మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేయాలని నిర్ణయించుకున్నారా? అయితే ముందుగా ఒక సంగతి గమనించండి. మన ఇళ్లలో శాకాహారం అంటే పాలు కలిసిన తిండే. పొద్దున కాఫీలో పాలు, మధ్యాహ్నం ముద్దపప్పులో నెయ్యి, చివర్లో గడ్డపెరుగు, రాత్రి మజ్జిగ. ఇన్నేళ్లూ మన కాల్షియంలో పెద్ద భాగం, మాంసం తినని ఇళ్లలో బి12 దాదాపు మొత్తం, కొంత ప్రొటీన్ వీటి నుంచే వచ్చాయి. వాటిని తీసేసి మిగతా భోజనం ఎప్పటిలాగే తింటే ఆ లోటు మొదటి నెలలో తెలియదు. ఏడాదికో రెండేళ్లకో నీరసంగానో, పాదాల్లో తిమ్మిర్లుగానో బయటపడుతుంది. వీగన్ అయిన చాలామంది కొన్నాళ్లకు వెనక్కి వెళ్లిపోవడానికి కారణం రుచి మీద మోజు కంటే ఈ నీరసమే అని నాకనిపిస్తుంది. దాన్ని ముందే ఆపవచ్చు. పెద్ద ఖర్చు కూడా ఉండదు.

1. మొదట రక్తపరీక్ష

తిండి మార్చే ముందో, మార్చిన తొలి వారాల్లోనో ఒకసారి రక్తం ఇచ్చి రండి. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ బి12, విటమిన్ డి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చాలు. బి12 మాత్రలు మొదలుపెట్టకముందే ఈ పరీక్ష చేయించుకోండి. మాత్ర వేసుకున్నాక రక్తంలో అంకె పెరుగుతుంది, అసలు పరిస్థితి తెలియదు.

బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టే. 200కు 300కు మధ్య ఉంటే డాక్టర్‌ను అడిగి, బి12 చాలకపోతే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ పరీక్ష కూడా చేయించుకోండి. పాలు, పెరుగు తినేవాళ్లలోనే మన దేశంలో బి12 తక్కువ ఉన్నవాళ్లు చాలామంది. కాబట్టి రిపోర్టులో తక్కువ వస్తే వీగన్ అయినందుకే వచ్చిందని కంగారు పడకండి, ఇంట్లోవాళ్లను కూడా పడనివ్వకండి.

షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, ఎసిడిటీకి ఏళ్ల తరబడి పాంటోప్రజోల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఈ రెండు రకాల మందులూ తిండిలోని బి12 ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు సోయా మానక్కర్లేదు. మాత్ర ఎప్పటిలాగే పరగడుపున వేసుకుని, సోయా పాలు, కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర మాత్రం దానికి నాలుగు గంటల దూరంలో పెట్టుకోండి.

2. బి12 మాత్ర: దీనికి ప్రత్యామ్నాయం లేదు

మిగతా పోషకాలు దాదాపు అన్నీ కూరగాయల బజార్లోనూ కిరాణా కొట్లోనూ దొరుకుతాయి. బి12 మాత్రం దొరకదు. దాన్ని తయారుచేసేవి బ్యాక్టీరియా. మొక్కలకు దాని అవసరం లేదు, అందుకే వాటిలో ఉండదు. ఇడ్లీ పిండి పులిస్తే బి12 వస్తుందనీ, చద్దన్నంలో ఉంటుందనీ, స్పిరులినా చాలనీ చెప్పేవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. చద్దన్నం మంచిదే, ఇడ్లీ మంచిదే, కానీ బి12 కోసం వాటిని నమ్ముకోకూడదు. స్పిరులినాలో ఉన్నది చూడ్డానికి బి12 లాంటిదే, మన ఒంట్లో మాత్రం పనిచేయదు.

ఎంత వేసుకోవాలి? పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 2 నుంచి 2.5 మైక్రోగ్రాములే. కానీ మాత్ర రూపంలో ఒక్కసారిగా వేసుకుంటే పేగులు పట్టుకునేది చాలా కొద్ది. అందుకే రోజూ వేసుకుంటే కనీసం 10 మైక్రోగ్రాములు, వారం లెక్కన అయితే మొత్తం 2,000 మైక్రోగ్రాములు అని వీగన్లకు లెక్క చెబుతారు. మెడికల్ షాపులో దొరికే 1000 ఎంసీజీ మాత్రను వారానికి రెండుసార్లు, ఆదివారం ఒకటి, బుధవారం ఒకటి అని పెట్టుకుంటే లెక్క సరిపోతుంది. సయనోకోబాలమిన్ అయినా, మన దగ్గర ఎక్కువగా అమ్మే మిథైల్‌కోబాలమిన్ అయినా పనికొస్తుంది. క్యాప్సూల్ అయితే పైతొడుగు జెలటిన్‌దా అని అడగండి, జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. పరీక్షలో ఇప్పటికే లోపం కనిపించినవాళ్లకు ఈ డోసు చాలదు. ఇంజెక్షన్లా, పెద్ద డోసా అన్నది డాక్టర్ చెప్పాలి.

మన తిండిలో ఒక చిక్కు ఉంది. ఆకుకూరలు, పప్పుల వల్ల మనకు ఫోలిక్ యాసిడ్ దండిగా అందుతుంది. దీన్ని పెద్ద ఎత్తున తయారుచేసే దారి 1940లలో అమెరికాలో కనిపెట్టిన పరిశోధక బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ యాసిడ్ బాగా ఉన్నప్పుడు బి12 లోపం వల్ల రావలసిన రక్తహీనత పైకి కనిపించకపోవచ్చు. హిమోగ్లోబిన్ బాగానే ఉందని మనం నిశ్చింతగా ఉంటాం, లోపల నరాలు దెబ్బతింటూ ఉంటాయి. లివర్‌లో బి12 నిల్వ రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు రావచ్చు కాబట్టి ఇది మెల్లగా జరుగుతుంది, ఆలస్యమైతే పూర్తిగా తగ్గకపోవచ్చు కూడా. అందుకే ఈ ఒక్క విషయంలో బతిమాలి చెబుతున్నాను: మిగతావి వాయిదా వేసినా మాత్ర మొదలుపెట్టడం వాయిదా వేయకండి.

3. పెరుగు ఖాళీని కాల్షియంతో నింపడం

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్, 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. రెండు గ్లాసుల పాలు, ఒక కప్పు పెరుగు తీసుకునేవాళ్లకు అందులో సగానికి పైగా వాటితోనే వచ్చేస్తుంది. ఇప్పుడు దాన్ని నాలుగైదు చోట్ల నుంచి పోగేసుకోవాలి.

అన్నిటికంటే ముందు రాగులు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ధాన్యాల్లో దీని దరిదాపుల్లోకి వచ్చేది లేదు. రాయలసీమవాళ్లకు సంగటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మిగతావాళ్లు పొద్దున 50 గ్రాముల పిండితో జావ కాచుకుంటే 180 వరకు వస్తుంది. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించుకుంటే ఇంకా మేలు. పోషకాలను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు మొలకెత్తేటప్పుడు తగ్గుతాయి, కాల్షియం, ఐరన్, జింక్ మూడూ ఒంటికి బాగా పడతాయి.

తర్వాత నువ్వులు. పొట్టు తీయని నువ్వులు 100 గ్రాములకు 1,200 మిల్లీగ్రాములు దాటతాయి. రోజుకు 20 గ్రాములు, అంటే రెండు చెంచాలు, పొడిగానో పచ్చడిగానో తింటే లెక్కలో 250 వస్తుంది. అందులో కొంత ఆక్సలేట్‌తో ముడిపడి ఒంటికి పట్టదు, అందుకే నువ్వులనే నమ్ముకుని కూర్చోకూడదు. గింజలుగానే తింటే కొన్ని నలగకుండా అలాగే బయటికి పోతాయి, దంచి లేదా పొడి చేసి వాడండి.

మూడోది మునగాకు. పెరట్లో చెట్టు ఉండి కూడా కాయలు మాత్రమే కోసుకుని ఆకును వదిలేసే ఇళ్లు ఎన్నో. 100 గ్రాముల పచ్చి ఆకులో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం. పెసరపప్పుతో కలిపి పొడికూరలా చేసుకోవచ్చు. లేదా ఆకును కడిగి, నీడలో గలగలలాడేలా ఆరబెట్టి, వేయించిన నువ్వులు, మినప్పప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, చింతపండు, ఉప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలతో పొడి కొట్టుకోండి. ఆకును మాత్రం పెనం మీద మాడనివ్వకండి, చేదెక్కుతుంది. వేడి అన్నంలో మొదటి ముద్దకు ఈ పొడి, నువ్వుల నూనె వేసుకుంటే నెయ్యి లేదన్న లోటు కూడా కాస్త తీరుతుంది.

పాలకూర గురించి ఒక మాట. ఐరన్‌కో కాల్షియంకో అందరూ ముందు దాన్నే చెబుతారు. అందులో ఆక్సలేట్లు చాలా ఎక్కువ, ఉన్న కాల్షియంలో ఒంటికి పట్టేది బాగా తక్కువ. గోంగూర కూడా ఆక్సలేట్లున్న కూరే. తినండి, ఇష్టమైతే రోజు మార్చి రోజు తినండి, కానీ కాల్షియం లెక్కలో వేసుకోకండి.

సోయా పాలు కొనేటప్పుడు వెనక లేబుల్ చదవండి. కాల్షియం కలిపిన రకంలో 100 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఆవుపాలతో సమానం. కలపని రకంలో చాలా తక్కువ. బాదం పాలు, కొబ్బరిపాలు రుచికి బాగుంటాయి, వాటిలో ప్రొటీన్ లేనట్టే. టోఫూ, అంటే సోయా పనీర్, కొంటే కాల్షియం సల్ఫేట్‌తో విరిచినది తీసుకోండి, పదార్థాల జాబితాలో ఆ పేరు ఉంటుంది. సోయా పాల ప్యాకెట్‌ను గ్లాసులో పోసే ముందు బాగా కుదపండి, కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది.

ఇక పెరుగన్నం లేకుండా భోజనం ముగియదు అనేవాళ్లకు పల్లీల పెరుగు ఉంది. ఒక కప్పు పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు వలిచి, మూడు కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి గుడ్డలో వడకట్టండి. ఆ పాలను సన్నని సెగ మీద అడుగంటకుండా కలుపుతూ పది నిమిషాలు బాగా కాచండి. ఇక్కడ తొందరపడితే పచ్చివాసన పోదు. గోరువెచ్చగా అయ్యాక కడిగిన పచ్చిమిర్చి తొడిమలు ఐదారు వేసి మూతపెట్టి వెచ్చని చోట ఉంచండి. ఎండాకాలం ఎనిమిది గంటల్లో తోడుకుంటుంది, చలికాలం పన్నెండు పట్టవచ్చు. తొడిమలు తీసేసి, మరుసటి రోజుకు ఇందులోంచే రెండు చెంచాలు తోడుకు దాచుకోండి. మొదటిసారి కంటే రెండోసారి తోడు బాగుంటుంది. మజ్జిగ పులుసుకు, తాలింపు మజ్జిగకు కూడా ఇది చక్కగా సరిపోతుంది. దీనిలో ప్రొటీన్ కొంత ఉంది, కాల్షియం మాత్రం కొద్దిగానే, బి12 అసలే లేదు. నాలుక కోరిక తీర్చేది ఇది, ఎముకలకు బలం పైన చెప్పినవాటి నుంచే రావాలి.

4. పప్పు చిక్కగా వండండి

"ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుంది?" అని అందరూ అడిగే ప్రశ్నకు పప్పు అని మనం ఠక్కున జవాబు చెబుతాం. కానీ మన పళ్లెంలోకి ఎంత పప్పు వస్తోందో ఒకసారి కొలిచి చూడండి. నలుగురికి ఒక చిన్న గ్లాసు కందిపప్పు వేసి, టమాటా, నీళ్లు పోసి జారుగా చేస్తే మనిషికి 25 గ్రాముల పప్పు కూడా రాదు, అంటే ఐదారు గ్రాముల ప్రొటీన్. సాంబారులో ఇంకా తక్కువ. చారులో లేదనే అనుకోండి.

ఎన్ఐఎన్ లెక్కలో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు బరువు కిలోకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. మొక్కల ప్రొటీన్ కొంచెం తక్కువగా జీర్ణమవుతుంది కాబట్టి వీగన్లు కిలోకు ఒక గ్రాము అనుకోవడం మంచిది. 60 కిలోల మనిషికి 60 గ్రాములు.

బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది ఎక్కువ. రెండూ రోజు మొత్తంలో ఎప్పుడు తిన్నా ఒంట్లో కలిసి పనిచేస్తాయి, ఒకే ముద్దలో ఉండాలని లేదు. బియ్యం మూడు గుప్పెళ్లయితే పప్పు ఒక గుప్పెడు, ఇది కనీసం. వీగన్‌కు రెండుకు ఒకటి అయినా ఎక్కువేం కాదు.

మీల్ మేకర్ గురించి చాలామందికి చిన్నచూపు ఉంది. 100 గ్రాములకు 50 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉన్న సరుకు, అదీ ఇంత తక్కువ ధరకు, మన కొట్లలో మరొకటి లేదు. వేడినీళ్లలో ఉడికించి, రెండుసార్లు చల్లనీళ్లలో పిండి, అప్పుడు కూరలో వేస్తే ఆ గడ్డి వాసన పోతుంది. వారానికి రెండు మూడుసార్లు చేసుకోండి. పెసరట్టు, సెనగల గుగ్గిళ్లు, బొబ్బర్ల వడ, కందిపొడి, పల్లీ పచ్చడి, ఉలవచారు, ఇవన్నీ ఒకప్పుడు మీకు టిఫినో, నంజుకునేవో. ఇకపై ఇవే అసలు తిండి. ఉలవచారు మీద వేసే మీగడ మాత్రం మానాలి, బదులుగా చిక్కటి కొబ్బరిపాలు రెండు చెంచాలు వేసి చూడండి.

కడుపుబ్బరం వస్తుందని భయపడేవాళ్లు పప్పులు ఒక్కసారిగా పెంచకండి. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. సెనగలు, బొబ్బర్లు, రాజ్మా రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఇంగువ వేసి మెత్తగా ఉడికించండి.

5. ఐరన్: ఏం తిన్నామో, దాంతో ఏం తాగామో

ఎన్ఐఎన్ ప్రకారం మగవాళ్లకు రోజుకు 19, నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. మొక్కల్లోని ఐరన్ మాంసంలోని దానిలా తేలిగ్గా ఒంటికి పట్టదు. పట్టేలా చేయడం మన చేతుల్లో ఉంది.

మొదటి పని, టిఫినుతో పాటు టీ తాగే అలవాటు మార్చడం. టీ, కాఫీల్లోని టానిన్లు ఐరన్‌ను పట్టుకుని ఉంచేస్తాయి. తిండికి గంట ముందు, గంట తర్వాత వరకు వాటిని ముట్టకండి. ఇంత చిన్న మార్పు ఎంత పనిచేస్తుందో చాలామందికి తెలియదు.

రెండోది, ప్రతి పూటా పులుపు. నిమ్మరసం, జామకాయ, ఉసిరికాయ, పచ్చి టమాటా ఏదైనా విటమిన్ సి ఇస్తే చాలు, ఐరన్ బాగా పడుతుంది. నిమ్మకాయ పిండేది పొయ్యి ఆపాకే, మరిగితే విటమిన్ సి పోతుంది. ఇక్కడ చింతపండు నిమ్మకాయకు బదులు కాదు, అందులో విటమిన్ సి దాదాపు లేదు. గుగ్గిళ్ల మీద నిమ్మరసం, మొలకెత్తిన పెసల్లో తరిగిన ఉసిరికాయ, భోజనం తర్వాత ఒక జామకాయ, ఇలా.

ఐరన్ ఎక్కువగా ఉండేవి ఉలవలు, సెనగలు, ఎర్రపప్పు, నువ్వులు, సజ్జలు. పులుసు కూరలు ఇనుప మూకుట్లో వండితే ఆ పులుపుకు కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీసేయండి, నల్లబడదు. బెల్లంలో ఐరన్ ఉన్న మాట నిజమే కానీ ఒక ముక్కలో ఉండేది అతి కొద్ది. బెల్లం తిని రక్తం పట్టించుకుందామంటే ముందు షుగర్ పెరుగుతుంది. ఫెరిటిన్ బాగా తక్కువగా ఉన్నవాళ్లు తిండితోనే సర్దుకుందామని కాలయాపన చేయకండి, కొన్ని నెలలు మాత్ర వాడటమే దారి. కాల్షియం మాత్ర కూడా ఉంటే రెండూ ఒకే పూట వేసుకోవద్దు.

6. మిగిలినవి

విటమిన్ డికి ఎండ. పొద్దుటి లేత ఎండలో హాయిగా ఉంటుంది కానీ డి తయారయ్యేది పదకొండు నుంచి రెండు మధ్య ఎండలోనే. చేతులు, కాళ్లు తగిలేలా కాసేపు నిలబడండి. ఆఫీసుల్లో రోజంతా ఉండేవాళ్లకు మాత్ర తప్పకపోవచ్చు. మామూలు డి3 గొర్రె ఉన్నికి అంటుకున్న మైనం నుంచి వస్తుంది. డి2, లేదా నాచు లాంటి లైకెన్ల నుంచి తీసిన డి3 వీగన్లకు సరిపోతాయి. వారానికి 60,000 యూనిట్ల సాచెట్లు సొంతంగా కొని నెలల తరబడి వాడకండి. లండన్‌లోనో చికాగోలోనో ఉన్న మనవాళ్లకు చలికాలపు ఎండతో డి రాదు, ఆ నెలల్లో మాత్ర వేసుకోవలసిందే.

అయోడిన్‌కు అయోడైజ్డ్ ఉప్పు చాలు. సైంధవ లవణం, రాళ్ల ఉప్పు మంచివని మార్చుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పాలూ చేపా లేనప్పుడు మీకు అయోడిన్ ఇచ్చేది ఆ ఉప్పు ఒక్కటే. ఊరగాయకు రాళ్ల ఉప్పు వాడుకోండి, రోజువారీ వంటకు అయోడైజ్డ్ ఉప్పు ఉంచండి. విదేశాల్లో ఉన్నవాళ్లు ప్యాకెట్ మీద చూసి కొనండి, అక్కడ అన్ని ఉప్పుల్లో అయోడిన్ ఉండదు.

ఒమేగా-3 కోసం అవిసె గింజల పొడి రోజుకు ఒక పెద్ద చెంచా. గింజలు దోరగా వేయించి, కరివేపాకు, ఎండుమిర్చి వేసి కారప్పొడి చేసుకుంటే ఇడ్లీలోకి బాగుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టండి, పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే చేసుకోండి. జింక్‌కు గుమ్మడి గింజలు, నువ్వులు, నానబెట్టిన పప్పులు చాలు.

7. ఒక రోజు ఇలా గడవవచ్చు

పొద్దున లేవగానే రాగి జావ. టిఫినుకు 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, పల్లీ పచ్చడి. గంట తర్వాత సోయా పాలతో కాఫీ. మధ్యాహ్నం మునగాకు పొడి, నువ్వుల నూనెతో మొదటి ముద్ద, తర్వాత చిక్కటి తోటకూర పప్పు, ఏదైనా వేపుడు, చివర్లో పల్లీల పెరుగు, ఒక జామకాయ. సాయంత్రం నిమ్మరసం పిండిన సెనగల గుగ్గిళ్లు. రాత్రి జొన్నరొట్టె, 25 గ్రాముల మీల్ మేకర్ వేసిన కూర, నువ్వుల పచ్చడి, పడుకునే ముందు ఒక గ్లాసు కాల్షియం కలిపిన సోయా పాలు. 60 కిలోల మనిషికి కావలసిన ప్రొటీన్ ఇందులో వచ్చేసింది. కాల్షియం కూడా లక్ష్యానికి దగ్గరగా ఉంది.

తగినంత తింటున్నారో లేదో కూడా చూసుకోండి. నెయ్యి, మీగడ, మాంసం తీసేసి కూరగాయలు పెంచితే కడుపు నిండుతుంది కానీ కేలరీలు చాలవు. బరువు అనుకోకుండా తగ్గుతుంటే పల్లీలు, కొబ్బరి, జీడిపప్పు, నువ్వుల ఉండలు చేర్చండి.

బయట కొనేటప్పుడు ఆకుపచ్చ చుక్క చూసి వీగన్ అనుకోవద్దు, పాలపొడి ఉన్నవాటికీ అదే చుక్క. దేశంలో ఆహార పదార్థాల నిబంధనలు పెట్టే ఎఫ్ఎస్ఎస్ఏఐ వీగన్ పదార్థాలకు వేరే గుర్తు పెట్టింది, ఆకుపచ్చ రంగులో వీ అక్షరం, దాని మీద చిన్న మొక్క.

8. ఎవరు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు. తల్లికి బి12 లేకపోతే పాలు తాగే బిడ్డకూ ఉండదు, ఆ బిడ్డ మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది. ఇక్కడ మాత్రం ఊహలకు తావివ్వకండి.

మిగతావాళ్లు మూడు నెలలకు ఫెరిటిన్, బి12 మళ్లీ చూపించుకోండి. బాగుంటే తర్వాత ఏడాదికోసారి చాలు. ఈలోగా పాదాల్లో సూదులు గుచ్చినట్టుండటం, నాలుక ఎర్రబడి మండటం, మెట్లెక్కితే ఆయాసం, జుట్టు కుచ్చులుగా ఊడటం కనిపిస్తే మూడు నెలలు ఆగకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు పాలు కూడా మానేశానని మొదటి మాటగా చెప్పండి. శాకాహారినని మాత్రమే అంటే పెరుగు తింటున్నారనే అనుకుంటారు, బి12 పరీక్ష రాయకుండా వదిలేసే వీలుంది.